గుమ్మడికాయ మీద నామం

నా చిన్నప్పుడు మా తాతయ్య వెంట పొలానికి బయలుదేరితే, పొలం చేరేసరికి పొద్దెక్కిపోయేది. దూరమేమీ కాదు. గన్నవరం అవతల మా ఊరు, ఊరి చివర కాలువ, కాలువ గట్టు దిగితే మా చేను. కానీ మా తాతయ్యకు దారిలో కనిపించిన ప్రతిదానితోనూ పని ఉండేది. ఆముదపు గింజ ఒకటి దొరికితే చాలు, దాన్ని నా అరచేతిలో పెట్టి, మీద ఉన్న చారలన్నీ వేలితో చూపించి, "ఇంత చిన్నదానికి ఇంత ముగ్గు ఎవరు పెట్టారే అమ్మడూ?" అనేవాడు. నేను "దేవుడు" అనాలి. అంటే గింజ జేబులో వేసుకుని ఇంకో నాలుగడుగులు వేసేవాడు.

అలా తాటాకు మడతలు చూపించాడు, వాన నీరు నిలవకుండా జారిపోయేటట్టు ఎంత ఒద్దికగా ఉన్నాయో. వరి పొట్ట విప్పి, కంకి ఇంకా బయటకు రాకముందు ఆకుల మధ్య ఎంత పదిలంగా దాక్కుందో చూపించాడు. అప్పుడే పుట్టిన దూడ కాళ్ళు వణుకుతూ లేచి, తల్లి పొదుగు వెతుక్కుంటుంటే నన్ను నిద్ర లేపి మరీ తీసుకెళ్ళాడు. "దానికి ఎవరు చెప్పారే, అక్కడ పాలుంటాయని?" అన్నాడు. చదువుకున్నది తక్కువ. పురాణ కాలక్షేపాలకు వెళ్ళే అలవాటూ లేదు. ఆయనకు దేవుడంటే ఎదురుగా ఉన్న పనితనం. పనితనం కనిపిస్తున్నప్పుడు పనివాడు లేడంటే ఎలాగ, అదీ ఆయన వాదన.

నేను మాత్రం బుద్ధిమంతురాలిని కాను. పెరట్లో పొట్లకాయలు వంకర పోకుండా వాటి చివర రాళ్ళు కట్టి వేలాడదీసేవారు. ఒకరోజు వాటిని చూపించి, దేవుడు అన్నీ చక్కగా చేస్తే పొట్లకాయకు మనం రాయి ఎందుకు కట్టాల్సి వచ్చిందని అడిగాను. మా తాతయ్య పకపకా నవ్వాడు. మనకూ కాస్త పని ఉండాలని వదిలేశాడన్నాడు. ఆ నవ్వు నాకు చాలా ఇష్టం. పై పళ్ళు రెండు లేవు, అయినా దాచుకునేవాడు కాదు.

మాది ఉమ్మడి కుటుంబం. మా పెదనాన్న, పెద్దమ్మ, మా అమ్మా నాన్నా, తాతయ్య, పిల్లలం. పెద్దమ్మకు ఒక్కడే కొడుకు, నాకంటే కొంచెం పెద్దవాడు. పాదులన్నీ ఆవిడ చేతి మీదే ఉండేవి. బీర, ఆనప, పొట్ల, బూడిద గుమ్మడి, దేనికి ఎన్ని పిందెలు దిగాయో ఆవిడకు కళ్ళు మూసుకున్నా తెలుసు. పిందెకు వేలు చూపిస్తే కుళ్ళిపోతుందని మా వైపు నమ్మకం. నేను మరిచిపోయి వేలు చూపిస్తే, ఆ వేలు నా చేతనే కొరికించి గానీ వదిలేది కాదు.

ఆ ఏడాది వానలు మొదలైనప్పుడు పశువుల పాక పక్కన గుమ్మడి గింజలు పాతింది పెద్దమ్మ కొడుకు, మా అన్నయ్యే. తీగ పాక మీదకు పాకకముందే వాడికి జ్వరం వచ్చింది. ఊళ్ళో మందు పని చేయలేదు. బెజవాడ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. బయలుదేరేటప్పుడు పెద్దమ్మ బెదిరిపోయి చూస్తుంటే, తాతయ్య ఆవిడ తల మీద చెయ్యి వేసి, "దేవుడున్నాడమ్మాయ్, ఏం కాదు" అన్నాడు. నేను అరుగు మీద నిలబడి విన్నాను. రెండు రోజుల తర్వాత వాణ్ణి పంచెలో చుట్టి తీసుకొచ్చారు.

పెద్దమ్మ దేవుడి గదికి గొళ్ళెం పెట్టేసింది. ఎవరూ తియ్యమని అడగలేదు. పాదులకు నీళ్ళు పోయడం మాత్రం మానలేదు. ఆ గుమ్మడి పాదు దగ్గర ఎంతసేపు కూర్చునేదో చెప్పలేను. అన్నం ముందు కూర్చునేది, కలిపేది, రెండు ముద్దలు కూడా తినకుండా లేచిపోయేది. మా అమ్మ బతిమాలేది, పెదనాన్న కోప్పడేవాడు. మనిషి పుల్లలా అయిపోయింది, గాజులు మోచేతి దాకా జారేవి. ఇంకో శవం లేస్తుందేమో ఈ ఇంట్లోనని చుట్టుపక్కలవాళ్ళు మెల్లగా అనుకోవడం మొదలుపెట్టారు.

ఒక మధ్యాహ్నం తాతయ్య తనే పళ్ళెం పట్టుకుని ఆవిడ ముందు కూర్చున్నాడు. అలవాటు కొద్దీ ఆయన దగ్గరున్నది ఆ ఒక్క మాటే. అంతా చేసినవాడు ఒకడున్నాడు, వాడికి తెలియకుండా ఏదీ జరగదు, తిను అన్నాడు. పెద్దమ్మ ఎప్పుడూ మామగారి ముందు గొంతు పెంచింది లేదు. ఆ రోజూ పెంచలేదు.

"దూడకి పొదుగు చూపించినాయనకి, నా బిడ్డ ఒళ్ళు చల్లార్చడం తెలీలేదాండీ మామయ్యగారూ? ఆముదపు గింజకి ముగ్గు పెట్టే తీరిక ఉందిగా ఆయనకి. ఉన్నాడని ఒక్క గుర్తు చూపించండి. ఒక్కటే. నేను అన్నం తింటాను."

మా తాతయ్య పళ్ళెం అక్కడే పెట్టి వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. పొట్లకాయ సంగతి అడిగినప్పుడు నాకు జవాబు చెప్పినంత తేలిక కాదది. సాయంత్రం దాకా ఆయన కదల్లేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు, మంచు పడే రోజుల్లో, పెద్దమ్మ పాక మీద కాయలు చూడడానికి నిచ్చెన వేసుకుని ఎక్కింది. చూరుకు దగ్గరగా ఆకుల చాటున ఒక పెద్ద కాయ, ఒంటినిండా బూడిద పూసుకుని. ఆ బూడిద మధ్యలో గోధుమ రంగులో, కాయతో పాటే పుట్టి పెరిగినట్టు, నామం. మూడు గీతల నామం, ఏడుకొండలవాడి నుదుటి మీద ఉండేదే. పెద్దమ్మ కేక పెట్టలేదు. నిచ్చెన మీదే చాలాసేపు నిలబడింది. తర్వాత దిగి, తలంటు పోసుకుని, గొళ్ళెం తీసి, దీపం పెట్టింది. వంటింట్లోకి వచ్చి, ఆకలేస్తోంది, అన్నం పెట్టమని మా అమ్మను అడిగింది. మా అమ్మ అన్నం వడ్డిస్తూ ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తుంది. అన్నం నిండా కన్నీళ్ళే.

ఇక ఊరు ఊరుకుంటుందా? మా ఇంట్లో స్వామి వెలిశాడన్నారు. కాయను తీగతో సహా కోసి దేవుడి గదిలో బియ్యం మీద కూర్చోబెట్టారు. పక్క ఊళ్ళ నుంచి ఎడ్లబండ్ల మీద వచ్చారు. కొబ్బరికాయలు, హారతులు, భజన. నాకు గొప్పగా ఉండేది, బళ్ళో నా పక్కన కూర్చోవడానికి పోటీ పడేవారు. ఒక పెద్దమనిషి ఇది నిజంగా కాయలోంచే వచ్చిందా, ఎవరైనా చేశారా అని మర్యాదగానే అడిగితే, మా తాతయ్య ఇంతెత్తున లేచాడు. మా ఇంటికొచ్చి మమ్మల్నే అనుమానిస్తారా అన్నాడు. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకోవడం అంటారే, అచ్చంగా అదే. నాకప్పుడు తోచలేదు. పాక దగ్గర గుడిసె వేసి నలుగురికీ దర్శనం పెడదామని ఊళ్ళోవాళ్ళు అన్నప్పుడు కూడా ఆయన ఒప్పుకోలేదు. మా ఇంటి కాయ మా ఇంట్లోనే ఉంటుందన్నాడు.

పెద్దమ్మ కోలుకుంది. మొహంలో రక్తం వచ్చింది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మా తాతయ్యలో వచ్చిన మార్పును నేను తప్ప ఎవరూ పట్టించుకోలేదు. పొలానికి ఇప్పుడు తొందరగా చేరిపోయేవాళ్ళం. దారిలో ఎక్కడా ఆగడం లేదు. చెరుకు గడ కణుపులు, గట్టు మీద గడ్డిపూలు, అన్నీ మామూలుగానే ఉన్నాయి. నేనే ఆగి, ఒక సీతాకోకచిలుక రెక్క దొరికితే తీసుకెళ్ళి, దీనికి ఈ రంగులు ఎవరు వేశారు తాతయ్యా అని అడిగాను. ఆయన దాన్ని సరిగా చూడను కూడా చూడలేదు. "ఏమోనే" అన్నాడు. ఆ "ఏమోనే" విన్నప్పుడు, చెప్పొద్దూ, అన్నయ్య పోయినప్పుడు ఏడ్చినంత ఏడ్చాను. అంత పెద్దాయనకు తెలియనిది ఇక ఈ లోకంలో ఎవరికి తెలుస్తుందనిపించింది.

ఎండలు ముదిరేసరికి కాయ ఒక పక్క మెత్తబడింది. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు గుమ్మడికాయ కొట్టకూడదు, మొదటి దెబ్బ మగవాళ్ళే వెయ్యాలి. పెద్దమ్మ తాతయ్య దగ్గరికొచ్చి, "కాయ మెత్తబడిందండీ. ఏం చెయ్యాలో మీరే చెయ్యండి మామయ్యగారూ" అంది. ఆయన కత్తిపీట వైపు చూశాడు, కాయ వైపు చూశాడు. కొట్టలేనన్నాడు. వారం దాటితే కాలువ కట్టేస్తారు, నీళ్ళుండగానే వదిలేసి వస్తానని, కాయను కండువాలో చుట్టి భుజాన పెట్టుకున్నాడు. నేను వెంటపడ్డాను.

గట్టు మీద నీడ చూసుకుని కూర్చున్నాం. ఆయన కాయను ఒళ్ళో పెట్టుకుని బొటనవేలితో ఆ నామాన్ని తడుముతూ కూర్చున్నాడు. నా వైపు చూడకుండానే చెప్పాడు. కాయ నిమ్మకాయంత ఉన్నప్పుడు, తెల్లవారుజామున నిచ్చెన ఎక్కి, తుమ్మ ముల్లుతో గీశాడట. పిందె మీద సన్నగా గీస్తే గాయం మానుతుంది, కాయతో పాటు మచ్చా పెరుగుతుంది. ఆయనకు చిన్నప్పుడు కాయల మీద పేర్లు గీసుకోవడం అలవాటేనట.

నాకు కోపం రాలేదు. అంతగా అర్థమైతేగా! పెద్దమ్మ బతికింది కదా తాతయ్యా అన్నాను.

"బతికిందే. అదే చాలనుకున్నాను" అన్నాడు. "కానీ ఆవిడ అడిగింది ఆయన గుర్తు. నేను పెట్టింది నా గుర్తు. అంత నమ్మినవాణ్ణి, ఆయన్ని పెట్టనివ్వకుండా నేనెందుకు పెట్టానే అమ్మడూ? అంటే నాకే నమ్మకం లేదా? ఇప్పుడు ఏ ఆకు పట్టుకున్నా, ఏ గింజ చూసినా, ముందు నా ముల్లే కనపడుతోంది. ఇదీ ఎవడో గీసిందేమో అనిపిస్తోంది."

పెద్దమ్మకు మాత్రం చెప్పొద్దని నా చేత ఒట్టు పెట్టించుకున్నాడు. ఆవిడ బతుకంతా దాని మీదే నిలబడిందని ఆయన భయం. తర్వాత మోకాళ్ళ దాకా నీళ్ళలోకి దిగి కాయను వదిలాడు. అది ఒక పక్కకు ఒరిగి, నామం నీళ్ళ అడుగుకు పోయి, ఉత్త గుమ్మడికాయలా వంతెన కిందుగా కొట్టుకుపోయింది. ఇంటికి వస్తూ దారి పొడుగునా నా చెయ్యి వదల్లేదు.

ఆయన ఇంకా కొన్నేళ్ళు ఉన్నాడు. మంచివాడిగానే ఉన్నాడు, గుడికి వెళ్ళమంటే వెళ్ళేవాడు. కానీ దేన్నీ నాకు చూపించలేదు. నేను బెజవాడలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నప్పుడు పోయాడు. చివరి రోజుల్లో గంజి తాగించింది, ఒళ్ళు తుడిచింది పెద్దమ్మేనట. కన్నకూతురు కూడా అంత చెయ్యదని ఊరంతా చెప్పుకున్నారు.

చాలా ఏళ్ళ తర్వాత పెద్దమ్మ కంటి ఆపరేషనుకని విజయవాడ వచ్చి, బెంజ్ సర్కిల్ వెనక వీధిలో ఉన్న మా ఇంట్లో దిగింది. పెదనాన్న అప్పటికే లేడు. ఒకరోజు నేను వడియాలకని మార్కెట్ నుంచి బూడిద గుమ్మడికాయ తెచ్చాను. కంటికి పచ్చ అద్దాలు పెట్టుకుని కూర్చున్న మనిషి, కాయను ఒళ్ళోకి తీసుకుని తడిమి చూసి నవ్వింది.

"మీ తాతయ్యకి ముల్లు పట్టుకోవడం కూడా చేతకాలేదే. ఒక గీత పొట్టిగా వచ్చింది."

నేను చేతిలో పని వదిలేశాను. ఎప్పటి నుంచి తెలుసని అడిగాను. మొదటి రోజు నుంచీ తెలుసట. పాదు ఆవిడది. ఏ పిందె ఎక్కడుందో తెలిసిన మనిషికి, తెల్లారి నీళ్ళు పోయడానికి వెళ్ళి, గీతల్లోంచి కారిన జిగురు ఇంకా ఆరకుండా ఉంటే తెలియదూ? చూరు కింద తుమ్మ ముల్లు కూడా పడి ఉందట. ఆ రోజు నుంచే చాటుగా నాలుగు ముద్దలు తింటూ, అది పెరిగి నామమయ్యేదాకా అన్నాళ్ళూ చూస్తూనే ఉందట. మరి నమ్మినట్టు ఎందుకు నటించావని కాస్త కటువుగానే అన్నాను. నాకు కోపం తొందరగా వస్తుంది, ఈ వయసులోనూ తగ్గలేదు.

"నటించలేదే. దేవుడు ఆకుల్లో ఉన్నాడో లేడో నాకు ఇప్పటికీ తెలీదు. మోకాళ్ళ నొప్పులతో కుంటే ముసలాయన, చలిలో, చీకట్లో నిచ్చెనెక్కాడు. నేను రెండు ముద్దలు తినాలని. తను అంత నమ్మిన దేవుడి పేరుతో అబద్ధం ఆడటానికి కూడా సిద్ధపడ్డాడు. నేనడిగిన గుర్తు నాకు కనపడింది. ఇంకా తినకుండా ఎలా ఉంటానూ?"

ఆవిడ ఇదంతా సంతోషంగానే చెప్పింది. అన్నేళ్ళూ మామగారి పరువు కాపాడానన్న తృప్తి ఆవిడ మొహంలో కనపడింది. నేను అక్కడితో ఊరుకుంటే పోయేదేమో. కానీ ఒట్టు వేయించుకున్నాయన పోయాడు, ఎవరికి చెప్పకూడదన్నాడో ఆవిడకు అంతా తెలుసు. ఇంకా దాయడానికేముంది? కాలువ గట్టు మీద తాతయ్య అన్నవన్నీ చెప్పాను. ఏ ఆకు పట్టుకున్నా తన ముల్లే కనపడుతోందన్న మాట కూడా.

పెద్దమ్మ కాయను పక్కన పెట్టేసింది. బయట రోడ్డు మీద బస్సులు హారన్లు కొడుతూనే ఉన్నాయి. పోయే ముందు రోజు తాతయ్య ఆవిడ చెయ్యి పట్టుకుని, అమ్మాయ్, నీకొక సంగతి చెప్పాలి అన్నాడట. చెబితే చిన్నబోతాడని, ఆ వయసులో కోడలి ముందు తల దించుకోవడం ఎందుకని, ఇప్పుడేం మాటలండీ, పడుకోండి అని దుప్పటి కప్పేసిందట. "నాకు తెలుసు మామయ్యగారూ అని ఒక్క మాట అనలేకపోయానే" అంది. ఆపరేషన్ చేసిన కన్ను, తడి తగలకూడదని డాక్టరు మరీ మరీ చెప్పాడు. ఏడవకు పెద్దమ్మా అని గట్టిగా కసిరాను. కసురుతూ నేనూ ఏడ్చాను.

ఆ ఒక్క మాట ఆవిడ అని ఉంటే మా తాతయ్యకు తన లోకం తిరిగి దక్కేదని నా నమ్మకం. తన చేతి గీతలో కూడా పెద్దమ్మకు దేవుడు కనపడ్డాడని తెలిస్తే, ఆయన మళ్ళీ ఆకు అందుకునేవాడు. దారిలో ఆగేవాడు. నాకూ చూపించేవాడు. నేను పెద్దయ్యాక సైన్సు చదివాను, బళ్ళో పిల్లలకు చెప్పాను, పిందె మీద గాయం ఎలా మానుతుందో బొమ్మ గీసి మరీ వివరించాను. దేవుడున్నాడా అని పిల్లలు అడిగితే మాత్రం, ఆ జవాబు చెప్పగలిగిన మనిషి మా ఇంట్లో ఒకడుండేవాడు, సగంలో ఆపేశాడు అని మనసులో అనుకునేదాన్ని. ప్రేమ కొద్దీ ఒకరికొకరు దాచుకున్నారు ఇద్దరూ. ఆ ప్రేమను తప్పు పట్టలేను. కానీ దాని వల్ల ఒక మంచి మనిషి, దొంగననుకుంటూనే పోయాడు.

పోయిన ఏడాది మా ఆయన పోయారు. పదోరోజు మా అబ్బాయి కృష్ణ ఒడ్డుకు వెళ్ళి పిండాలు పెట్టి వచ్చాడు. వాడికి ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపుంది, దేనికీ చలించనట్టు తిరిగే రకం. వాళ్ళ నాన్న పోయిన రోజు నుంచీ అన్ని పనులూ తనే చూసుకున్నాడు, కంట తడి పెట్టలేదు. గుండు చేయించుకుని, తడిబట్టలతో గుమ్మంలోకి వస్తూనే, నేను అడగకముందే, "కాకి వెంటనే ముట్టిందమ్మా" అన్నాడు. కాకి ముడితే పోయినవారికి ఏ కోరికా మిగల్లేదని, తృప్తిగా వెళ్ళారని కదా మనవాళ్ళ నమ్మకం. ఆయన ఏ తృప్తితో వెళ్ళారో నాకు తెలుసు, ఆసుపత్రిలో చివరి వారమంతా పక్కనే ఉన్నాను. వాడు నా మొహంలోకి చూడకుండా చెప్పులు సర్దుతున్నాడు.

నేను లేచి వెళ్ళి వాడి చెయ్యి పట్టుకున్నాను.

"రాలేదు కదా నాన్నా?" అన్నాను.

వాడు ఒక్కసారి తలెత్తి చూశాడు. రాలేదమ్మా అన్నాడు. చాలాసేపు చూశారట, ఒక్క కాకి కూడా దగ్గరికి రాలేదట, చివరికి పిండాలు నీళ్ళలో కలిపి వచ్చేశారట.

"పర్లేదురా. నా కోసం చెప్పావని నాకు తెలుసు. దాన్ని నువ్వు మొయ్యక్కర్లేదు" అన్నాను.

అప్పుడు, అందరి ముందూ, తడిబట్టలతోనే నా భుజం మీద తల పెట్టుకుని, మా అబ్బాయి వాళ్ళ నాన్న కోసం మొదటిసారి ఏడ్చాడు.